సభకొస్తే కూలి ఇవ్వరాదా?

మా తర్లుపాడు ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. 1994 పంచాయతీరాజ్ చట్టం చెప్పే మాట ఇది. మరి సభలో జనం పలచగా ఉంటే "మనవాళ్ళకి ఆసక్తి లేదండీ" అనేస్తాం.

క్రీ.పూ. 508లో క్లీస్తనీస్ ఏథెన్సు పౌరసత్వాన్ని ఊరి జాబితాకి ముడిపెట్టాడు. (ఆడవాళ్ళకీ, బానిసలకీ హక్కుల్లేవు, అది వేరే కథ.) వందేళ్ళ తర్వాత అక్కడా సభకి జనం రాలేదు. తిట్టలేదు, డబ్బులిచ్చారు! మొదట ఒక ఓబోల్, కొన్నేళ్ళకే మూడు.

నేను ఆఫీసు మీటింగులో ఆవులిస్తూ కూర్చున్నా జీతం వస్తుంది. కంది కోతకెళ్ళే మనిషి సభలో కూర్చుంటే ఆ పూట కూలి పోతుంది. లేనిది ఆసక్తి కాదు, తీరిక. ఆ కూలేదో పంచాయతీయే ఇస్తే నష్టమేంటి? మీరేమంటారు?