పసుపు దీపం చెప్పిన సాక్ష్యం

మోటారు బండ్లలో నడిపేవాని కళ్లెదుట వెలిగే దీపాలలో ఎర్ర దీపానికి వ్యాఖ్యానం అక్కరలేదు. ఆయిలు ఒత్తిడి పడిపోయిందనో, రేడియేటరులో నీరు మరుగుతున్నదనో అది హెచ్చరించినప్పుడు బండి నిలిపివేయడం ఒక్కటే కర్తవ్యం. ఇంజను బొమ్మతో వెలిగే పసుపు దీపం తత్త్వం వేరు. లోపం ఉన్నదని మాత్రం చెప్పి, అదేమిటో చెప్పకుండా మౌనం వహించడం దాని స్వభావం. దానిని చూసి కొంపలు మునిగినట్లు కంగారుపడేవారు కొందరు. దాని మీద నల్లటి టేపు ముక్క అంటించి నిశ్చింతగా తిరిగేవారు మరికొందరు. ఈ రెండు తెగలవారితోనూ నాకు సన్నిహిత పరిచయం కలదు.

ఈ కళాశాలలో బి.ఎస్సీ. ముగించిన తరువాత నేను కొన్ని సంవత్సరాలు ఒమాన్ దేశంలో, నిజ్వా పట్టణంలో పనిచేశాను. గల్ఫుకు వెళ్లినవారి వియోగ గాథలు మన విద్యార్థి మిత్రులకు కొత్తవి కావు. తండ్రినో అన్ననో అక్కడికి పంపినవారు వారిలోనే ఎందరో ఉన్నారు. కనుక ఆ ప్రసక్తి వదలి, అక్కడ మా గదిలోని ముగ్గురికి అన్నం పెట్టిన ఒక పాత బండిని గురించి, 2016 మార్చి మాసంలో దానిలో వెలిగిన పసుపు దీపాన్ని గురించి వ్రాయదలచాను.

నిజ్వాకు సమీపంలో బిర్కత్ అల్ మౌజ్ అనే గ్రామం దాటగానే జెబెల్ అఖ్దర్ మొదలవుతుంది. పచ్చని కొండ అని దాని అర్థం. సుమారు 2000 మీటర్ల ఎత్తున సయిక్ పీఠభూమి మీద దానిమ్మ తోటలు, గులాబి తోటలు ఉన్నాయి. వసంతంలో ఆ గులాబీలు కోసి పన్నీరు తీస్తారు. కొండ మొదట్లోనే పోలీసు చౌకీ ఉన్నది. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండిని తప్ప వారు పైకి పోనివ్వరు. పైకి పోయే పెద్ద దారి తారు రోడ్డే; దాని నుండి చీలిపోయే బాటలు మాత్రం రాళ్లు, కంకర. పైకి ఎక్కడం కంటె కిందికి దిగడమే అక్కడ పరీక్ష. అంతటి దిగుడులో బ్రేకులనే నమ్ముకుంటే అవి వేడెక్కి పట్టు వదులుతాయి. లో గేరులో వేసి, ఇంజను చేతనే బండిని పట్టి ఉంచాలి.

మా గదిలోని పెద్దాయన కడప జిల్లా వాస్తవ్యుడు, ఎలక్ట్రీషియన్. ఆయనను మేము మామా అని పిలిచేవాళ్లం. కొండ మీది తోటలలో నీటి మోటార్లు బాగుచేయడం ఆయన పని. నిజామాబాదు కుర్రవాడొకడు పైపుల పని చూసేవాడు. లెక్కలు వ్రాయడం, బండి నడపడం నా వంతు. 2003లో తయారైన ఆ పెట్రోలు బండి అమెరికాలో పన్నెండేళ్లు తిరిగి, ఓడలో గల్ఫుకు వచ్చి, చివరకు మా పాలబడింది.

గులాబీల కాలంలో, సరిగ్గా పని ఊపందుకున్న వారంలో, దీపం వెలిగింది. దానితోపాటు మరొక లక్షణం కూడా కనబడింది. యాక్సిలేటరు వదిలినప్పుడు ఇంజను చలిజ్వరం వచ్చినవానివలె వణికి, ఒక్కొక్కసారి ఆగిపోయేది. చదునైన నేల మీద ఇది విసుగు మాత్రమే. కొండ దిగేటప్పుడు ప్రాణాంతకం. మా బండిలో బ్రేకు తొక్కడానికి కాలికి సాయపడేది ఇంజను పీల్పు వల్ల కలిగే శూన్యమే. ఇంజను ఆగిన తరువాత ఒకటి రెండు తొక్కులకు సరిపడే సాయం మిగులుతుంది. ఆపైన కాలి బలమే దిక్కు.

పట్టణంలోని ఒక గ్యారేజిలో చూపించాము. వారు స్కానరు తగిలించి, అయిదు నిమిషాలలో తీర్పు చెప్పారు. ఆక్సిజను సెన్సర్లు రెండూ, సైలెన్సరుకు ముందుండే పొగ శుద్ధిచేసే పెట్టె, అన్నీ మార్చాలట. ఖర్చు 240 రియాళ్లు. అప్పటి మారకంలో సుమారు 40 వేల రూపాయలు. మామ ఏమీ మాట్లాడలేదు. వచ్చే నెలలో ఆయన కుమార్తెకు కళాశాల ఫీజు కట్టవలసి ఉన్నది. ఆ డబ్బు ట్రంకు పెట్టెలో, ఒక కవరులో ఉన్నదని మా ముగ్గురికీ తెలుసు.

అప్పుడు మాకు తటస్థపడినవారు హైదరాబాదు పాతనగరానికి చెందిన ఒక వృద్ధ మెకానిక్కు. అందరూ ఆయనను ఉస్తాద్ అనేవారు. ఒక గోడ, ఒక రేకు పందిరి, ఒక టీ కెటిలు ఆయన కార్యశాల. మేము గ్యారేజివారి తీర్పు వినిపించగా ఆయన నవ్వి, "బత్తీ గవాహ్ హై మియా, ఖాజీ నై" అన్నారు. దీపం సాక్షి మాత్రమే, న్యాయాధిపతి కాదని భావం. సాక్షిని సరిగ్గా ప్రశ్నించడం ఆయన వద్దనే చూశాను.

ఈ దీపానికి ఒక చరిత్ర ఉన్నది. లాస్ ఏంజిల్స్ నగరాన్ని కప్పిన పొగమంచుకు మోటారు బండ్ల పొగ ముఖ్య కారణమని హాగెన్‌స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1950 ప్రాంతంలో నిరూపించాడు. అక్కడ మొదలైన కట్టుబాట్లు క్రమంగా పెరిగి, 1996 నుండి అమెరికాలో అమ్మే కార్లన్నిటిలోను తమ పొగను తామే కనిపెట్టుకొనే ఏర్పాటు తప్పనిసరి అయింది. ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001లోను, మన దేశంలో ఆ తరువాతి దశాబ్దంలోను ఇట్టి నిబంధనలు వచ్చాయి. కాబట్టి ఈ దీపం మొదటి బాధ్యత ఇంజను ఆయుర్దాయం కాదు, ఊరి గాలి. పెట్రోలు ట్యాంకు మూత సరిగా బిగించకపోయినా ఇది వెలుగుతుంది. ఆవిరి బయటకు పోతున్నదని దాని ఫిర్యాదు. ఇంజను లోపల ఏదో విరిగిందనుకొని నిద్రపోని వారిని నేనెరుగుదును. అయితే దీపం నిలకడగా వెలగడం వేరు, మిణుకుమిణుకుమని కొట్టుకోవడం వేరు. కొట్టుకుంటున్నదంటే ఏదో సిలిండరులో పెట్రోలు మండకుండానే బయటకు పోతున్నది. అది పొగ శుద్ధిచేసే పెట్టెలోకి చేరి దానిని కాల్చివేస్తుంది. అప్పుడు ప్రయాణం కొనసాగించరాదు. మాది నిలకడగానే వెలిగింది.

స్టీరింగు కింద పదహారు సూదుల సాకెట్టు ఒకటి ఉంటుంది. ఉస్తాద్ దానికి తన చిన్న పరికరం తగిలించగా పి 0171 అనే సంకేతం వచ్చింది. ఈ సంకేతాలకు ఒక వ్యాకరణం కలదు. మొదటి అక్షరం ఇంజను వర్గాన్ని, తరువాతి సున్న అది అన్ని కంపెనీలకూ ఉమ్మడి సంకేతమన్న సంగతిని, ఆ పైన ఒకటి గాలి, ఇంధనాల కొలతను సూచిస్తాయి. చివరి రెండంకెలు అసలు ఫిర్యాదు: మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. ఒక భాగం పెట్రోలుకు 14.7 భాగాల గాలి తూకంలో ఉండాలని రసాయన శాస్త్రం. ఆ పాళ్లు తప్పాయని చెప్పింది ఆక్సిజను సెన్సరు. గ్యారేజివారు వార్త తెచ్చినవానినే దోషిగా ఎంచి, వానిని మార్చమన్నారు. సెన్సరు చెడిపోదని కాదు. చెడినదో లేదో చూడకుండానే చెడిందన్నారు. ఈ తొందర ఒక్క గ్యారేజిలోనే కాదు, చాలాచోట్ల ఉన్నదని నా అభిప్రాయం. భాగాలు అమ్మితే లాభం ఉన్నది, ఆలోచిస్తే కూలి లేదు.

ఉస్తాద్ మొదట సంకేతాన్ని చెరిపివేయలేదు. దోషం దొరికిన క్షణంలో ఇంజను ఎంత వేడిగా ఉన్నది, ఎంత వేగంతో తిరుగుతున్నది అన్న వివరాలు దాని వెంటనే దాచబడి ఉంటాయి. సంకేతం చెరిపితే అవీ పోతాయి. ఆ వివరాలు చదివితే, బండి నిలబడి ఇంజను మాత్రం తిరుగుతున్నప్పుడే దోషం నమోదయినట్లు తేలింది.

ఆ తరువాత ఆయన చూపిన అంకెలు నా జ్ఞాపకంలో నిలిచిపోయాయి. గాలి ఎక్కువైనదని తెలిసినప్పుడు బండిలోని కంప్యూటరు తన లెక్క కంటె అదనంగా పెట్రోలు పోసి సరిచేయ చూస్తుంది. ఆ సవరణ ఎంతో శాతంలో చూడవచ్చు. సున్నకు అటూ ఇటూ అయిదారు ఉంటే సహజం. మా బండిలో, ఊరికే తిరుగుతున్నప్పుడు, అది 28. ఉస్తాద్ నన్ను యాక్సిలేటరు తొక్కి నిమిషానికి 2500 చుట్ల వేగంలో నిలపమన్నారు. అంకె దిగి, దిగి, 6 వద్ద నిలిచింది. వదలగానే మళ్లీ 28.

భౌతికశాస్త్రం చదివిన మిత్రులు దీని భావం ఈసరికి గ్రహించి ఉంటారు. ఒక గొట్టానికి చిల్లి పడితే దానిలోనుండి వచ్చే దొంగగాలి పరిమాణం ఇంచుమించు స్వల్పమే. ఇంజను కొద్దిగా గాలి పీల్చేటప్పుడు ఆ స్వల్పమే పెద్ద పాలు. ఎక్కువగా పీల్చేటప్పుడు అది లెక్కలోకి రాదు. పెట్రోలు పంపు బలహీనమైతే దీనికి విరుద్ధంగా జరుగుతుంది: వేగం, భారం పెరిగినకొద్దీ కొరత పెరుగుతుంది. సెన్సరే అబద్ధమాడుతూ ఉంటే వేగం మారినంత మాత్రాన అంకె ఇంతగా దిగదు. ఒక్క స్పానరు పట్టకుండా, రెండు అంకెలతో, ముగ్గురు అనుమానితులలో ఇద్దరు విడుదలయ్యారు.

ఇక చిల్లి ఎక్కడ? గాలిని కొలిచే పరికరానికి వెనుక, ఇంజనుకు ముందు, ఎక్కడైనా ఉండవచ్చు. ఉస్తాద్ మూరెడు రబ్బరు గొట్టం ఒక కొన చెవిలో పెట్టుకొని, రెండవ కొనను వైద్యుని స్టెతస్కోపు వలె ఒక్కొక్క అతుకు దగ్గరకు జరుపుతూ పోయారు. ఇంజను పైకప్పు నుండి ఆయిలు ఆవిరిని లోపలికి తీసుకుపోయే వంపు గొట్టం వద్ద ఆగి, పట్టకారుతో దానిని మెల్లగా నొక్కారు. ఇంజను వణుకు తగ్గింది. అంకె పడిపోసాగింది. గొట్టం ఊడదీసి తిప్పి చూస్తే, పైనుండి కనబడని అడుగు భాగంలో చిటికెన వేలి గోరంత చీలిక. పదమూడేళ్ల వేడికి రబ్బరు ఎండి అట్ట ముక్కవలె పెళుసైనది. కంకర బాటల అదురు మిగిలిన పని పూర్తిచేసింది.

కొత్త గొట్టం రెండు రియాళ్లు. మూడు రియాళ్లు చేతిలో పెట్టబోతే ఉస్తాద్ ఒకటి తిరిగి ఇచ్చి, "చాయ్ పిలావ్, బస్" అన్నారు. దీపాన్ని మాత్రం ఆరనివ్వలేదు. "అది తానే ఆరాలి" అన్నారు. దోషం మళ్లీ కనబడకుండా వరుసగా మూడు ప్రయాణాలు సాగితే దీపం తనంత తానే ఆరిపోవాలని ఏర్పాటు. చేతితో ఆర్పితే గొట్టం నయం చేసిందో, మన వేలు నయం చేసిందో తెలియదు.

మొదటి ప్రయాణం పట్టణంలోనే. రెండవది బిర్కత్ అల్ మౌజ్ వరకు. మూడవనాడు కొండ ఎక్కాము. సయిక్‌లో రెండు మోటార్లు బాగుచేసి, సాయంత్రం లో గేరులో దిగుతుంటే మామ ముందు సీటులో కూర్చుని రోడ్డును గాక నా ఎదుటి దీపాలనే చూస్తున్నాడు. మలుపు మలుపుకూ యాక్సిలేటరు వదిలినా ఇంజను వణకలేదు. చౌకీ వద్ద బండి ఆపి, మళ్లీ తాళం తిప్పాను. ఇంజను అందుకున్నది, పసుపు దీపం ఒక్క క్షణం వెలిగి, మిగిలిన దీపాలతోపాటు ఆరిపోయింది. "ఆరిందిరా?" అన్నాడు మామ. "ఆరింది మామా" అన్నాను.

మరుసటి గురువారం ఆయన కవరు పట్టుకొని డబ్బు పంపే కార్యాలయానికి వెళ్లాడు. చీలిన గొట్టాన్ని ఉస్తాద్ పందిరి గుంజకు మేకు కొట్టి తగిలించారు. స్కానరు కాగితం చేతబట్టుకొని, సెన్సరు మార్చమని వచ్చేవారికి ముందుగా దానిని చూపించి, తరువాత టీ పోసేవారు.