ఎవరి పిచ్చుక?

లినక్స్ పెంగ్విన్ టక్స్, లోగో పోటీలో గెలవలేదని తెలుసా? 1996లో లారీ యూయింగ్ గింప్‌లో గీశాడు. ఎవరైనా అడిగితే తన పేరు, గింప్ పేరు చెబితే చాలు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అన్నాడు. అంతే, ఎవరికి నచ్చిన వేషం వాళ్లు వేశారు దానికి. గెలిచిన బొమ్మ ఇప్పుడెవరికి గుర్తుంది?

మా ఓపెన్ సోర్స్ క్లబ్‌కి నేను ఇంక్‌స్కేప్‌లో పిచ్చుకను గీశాను. 16 పిక్సెళ్లకు కుదించినా పిచ్చుకలాగే కనబడాలని రెక్కకు మూడే గీతలు, రంగులు రెండే. (అందులో ఒకటి నీలమే కావాలని క్లబ్బంతా పట్టు, అది వేరే గొడవ.)

"అసలు ఫైలు ఇచ్చేస్తే ఎవడైనా మార్చేస్తాడ్రా, ఇంక నీదేం మిగులుతుంది?" అన్నాడు రూమ్మేట్. గుచ్చుకుంది, నిజంగానే. అయినా ఎస్‌వీజీ ఫైలు రిపోలో పెట్టేశాను.

మర్నాడే ఓ జూనియర్ ముక్కు మార్చి పంపింది. నేను గీసినదానికంటే బాగుంది. కాస్త కడుపుమంటతోనే మెర్జ్ నొక్కాను.