బార్పాక్‌లో మందుల మూట

2015 నవంబరు. భారత్-నేపాల్ సరిహద్దులో ట్రక్కులు ఆగిపోయి, ఖాట్మండు పెట్రోలు బంకుల ముందు బళ్లు బారులు తీరి ఉన్నాయి. ఇది భారత్ పెట్టిన దిగ్బంధమని నేపాలీలు, నేపాల్ దక్షిణ మైదానాల్లోని మధేశీల ఆందోళన వల్లేనని ఢిల్లీ. అలాంటప్పుడు ఇండియా నుంచి మందుల పెట్టెలతో దిగాం. "గ్యాసు ఆపి గోలీలు తెచ్చారా?" అని జీపు డ్రైవరు మొహం మీదే అడిగేశాడు. మా బృందంలో ఎవరికీ నోరు పెగల్లేదు. అయినా బ్లాకులో డీజిలు కొని, రెట్టింపు కిరాయికి బండి తీశాడు.

ముగ్లింగ్ దాకా త్రిశూలి నది దారి పక్కనే వస్తుంది. ఆబూ ఖైరేనీలో కుడికి తిరిగితే గోర్ఖా బజారు, ఆపైన దరౌందీ లోయలో బలువా. అక్కణ్ణుంచి మేం వెళ్లాల్సిన బార్పాక్ ఊరికి ఎక్కే మట్టిరోడ్డును రోడ్డనడం మర్యాద కోసమే.

ఆ ఏడాది ఏప్రిల్ 25న, మధ్యాహ్నం పన్నెండుకి నాలుగు నిమిషాల ముందు వచ్చిన 7.8 తీవ్రత భూకంపానికి కేంద్రం ఈ ప్రాంతమే. ఆ రోజు శనివారం, నేపాల్‌లో వారాంతపు సెలవు. బడి గదులు కూలాయి గానీ వాటిలో పిల్లలు లేరు. ఘలే, గురుంగ్ కుటుంబాలు కట్టుకున్న రాతి ఇళ్లు మాత్రం వరసలకు వరసలు నేలమట్టమయ్యాయి. మేం వెళ్లేసరికి జనం రేకుల షెడ్లలో ఉన్నారు. ఆడవాళ్లు నుదుటికి పట్టీ తగిలించుకుని, వీపున డోకో బుట్టలో రాళ్లు మోస్తున్నారు.

టార్పాలిన్ కింద క్యాంపు పెట్టాం. సికింద్రాబాద్‌లో కొన్నాళ్లు ఉన్నానన్న ఓ గోర్ఖా పింఛనుదారు రోగుల మాటలు నాకు హిందీలో చెప్పేవాడు. నా పక్కన ఊరి మహిళా ఆరోగ్య స్వయంసేవిక కూర్చుంది. అందరూ ఆమెను దిదీ (అక్క) అంటారు, మేమూ అలాగే పిలిచాం.

ఓ ముసలమ్మ కడుపులో మంట అంది. గ్యాస్ గోలీ రాయబోయాను. దిదీ నా చెయ్యి ఆపి, "ఆమా, నీ పటుకా విప్పు" అంది. నడుముకు చుట్టుకున్న ఆ గుడ్డలోంచి మూడు రకాల గోలీల పట్టీలు బయటపడ్డాయి, మూడు క్యాంపుల్లో ఇచ్చినవి. పేర్లు వేరు, లోపల మందు ఒకటే: డైక్లోఫెనాక్. నడుం నొప్పికి మూడూ కలిపి, పరగడుపున మింగుతోంది. ఆమె మంటకి కారణం మా లాంటి డాక్టర్లే. రెండు పట్టీలు దిదీ తన సంచీలో వేసుకుంది, మూడోది నేను అడిగి తీసుకున్నాను.

ఆ సంచీలో ఏముందో చూపించమన్నాను. విరేచనాలకి నీళ్లలో కలిపి ఇచ్చే జీవన్‌జల్ పొట్లాలు, నిరోధ్‌లు, అప్పుడే పుట్టిన బిడ్డ బొడ్డుకి రాసే నాభి మలాం ట్యూబు, ఎవరింట్లో ఎన్నో నెలో రాసుకున్న చిరిగిన రిజిస్టరు. పిల్లలకి ఏడాదికి రెండుసార్లు విటమిన్ 'ఎ' వేసేదీ వీళ్లే. 1988లో మొదలైన ఈ స్వయంసేవికలు దేశమంతటా యాభై వేలకు పైనే. జీతం లేదు, అడపాదడపా భత్యం. 1996లో లక్ష సజీవ జననాలకి 539గా ఉన్న తల్లుల మరణాలు 2016 సర్వేలో 239కి తగ్గాయి. అందులో వీళ్ల పాలు తక్కువేం కాదు.

విదేశీ క్యాంపులు వద్దనను. కూలిన గోడల మధ్య విరిగిన ఎముకలు సరిచేయడానికి సర్జన్లు కావలసిందే. ఆర్నెల్లు గడిచాక నొప్పి గోలీలు పంచడానికి గుంపులుగా వెళ్లడం మాత్రం దండగ.

క్యాంపులకి బయల్దేరే మన డాక్టర్లకి నా మనవి ఇదే. ముందు ఆ ఊరి హెల్త్ పోస్టుకి ఫోన్ చేసి ఏం కావాలో కనుక్కోండి. అక్కడికి చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలున్న మందులే పట్టుకెళ్లండి. ఎవరికి ఏమిచ్చారో రాసి, ఆ కాగితం దిదీ చేతికిచ్చి రండి.