అడుసు తొక్కిన కాళ్ళు

నేను బి.ఎ. చదివేటప్పుడు ఇంగ్లీషు క్లాసులో ఒక మాట దగ్గర దొరికిపోయాను. జాన్ బన్యన్ 1678లో అచ్చువేసిన ‘పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్’ లోనిది ఆ పాఠం. వీపు మీద మూటతో బయల్దేరిన యాత్రికుడు నిరాశ అనే ఊబిలో దిగబడతాడు. ఆ ఊబికి ఇంగ్లీషు మాట ‘స్లౌ’. అక్షరాలు చూస్తే ‘రఫ్’, ‘టఫ్’ లాగానే ఉన్నాయి గదా అని నేను ‘స్లఫ్’ అని చదివాను. లెక్చరర్ పుస్తకం మూశాడు.

“బురదలో పుట్టినోడివి, బురదనన్నా సరిగా పలకలేవా?”

క్లాసంతా నవ్వింది. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. ఆయన మాట కంటే నా నవ్వే నన్ను ఎక్కువ కాలం కాల్చింది.

ఆ సాయంత్రం లైబ్రరీలో నిఘంటువు తీశాను. అవే అక్షరాలకు రెండు మాటలున్నాయి. ‘స్లౌ’ అంటే ఊబి, బురదనేల, మనిషి తేరుకోలేని దిగులు. ‘స్లఫ్’ అంటే పాము విడిచిన కుబుసం, పుండు మీద నుంచి ఊడే చచ్చిన చర్మం. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదన్నట్టు వేరువేరుగా అచ్చేశారు.

సంబంధం ఉందని నాకు తెలుసు. మాయమ్మ కాళ్ళల్లో చూశాను. నాట్ల రోజుల్లో పొద్దున్నుంచి మాపటిదాకా అడుసులో వంగి నాటేది. రాత్రికి వేళ్ళ సందులు తెల్లగా పాసిపోయి తోలు పొరలు పొరలుగా ఊడేది. పసుపూ ఆముదమూ రాసుకొని, తెల్లారి మళ్ళీ మడిలో దిగేది. పాము కుబుసం విడిచి కొత్త తోలుతో పోతుంది. మాయమ్మకు కొత్త తోలు వచ్చే లోపలే మళ్ళీ అడుసు. సంతకం రాని ఆమె, ఏది అడుసో, ఏది రొంపో, ఏది ఊబో కాలు పెట్టి చెప్పేది.

‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అని బడుల్లో నీతి చెబుతాం. గట్టు మీద నిలబడ్డోళ్ళ సామెత అది. మేం తొక్కకపోతే వాళ్ళ కంచంలోకి అన్నం ఎట్లా వచ్చేది?

ఇప్పుడు నేను ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నాను. మొన్న తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల నాగలికి ఇంగ్లీషు మాట ‘ప్లౌ’ని ‘ప్లఫ్’ అని చదివింది. వెనక బెంచీల్లో నవ్వులు. ఆ పిల్ల కూడా నవ్వబోయింది. ఆ నవ్వు నాకు తెలుసు.

సుద్దముక్క తీసుకొని బోర్డు మీద ‘స్లౌ’, ‘స్లఫ్’ రెండూ రాశాను. రెండూ ఒకే అక్షరాలు. “చూసి ఎట్లా పలకాలో తెలియని భాష ఇది. నవ్వాల్సింది ఆ పిల్లను చూసి కాదు” అన్నాను.

తర్వాత, “మీలో ఎవరెవరి అమ్మలు నాట్లకి పోతారు?” అని అడిగాను.

ఒక్క చెయ్యీ లేవలేదు. ముందు నేనే ఎత్తాను. కాసేపటికి ఒకటొకటిగా చేతులు లేచాయి. తప్పు చదివిన పిల్ల కూడా ఎత్తింది.

అప్పుడు పాఠం మొదలుపెట్టాను.