ఆ కంచంలో అన్నం తీసేయకండి వదినగారూ

ఏవండీ వదినగారూ, పొయ్యి కట్టేసి ఒకసారి ఇలా గోడ దగ్గరికి రండి. నిన్న సాయంత్రం మీ చెల్లెల్ని చూశాను. మందార చెట్టు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. మెడ కింద ఎముకలు తేలిపోయాయండి. రొమ్ము క్యాన్సర్‌కి కీమో అన్నాక నీరసం మామూలే అనుకున్నా. కానీ రెండో కీమోకీ మూడో కీమోకీ మధ్య మూడు కిలోలు తగ్గిందని మీ అమ్మాయి చెప్తే నాకు గుండె జారిపోయింది. ఏం పెడుతున్నారే అని అడిగితే అప్పుడు చెప్పింది. అన్నం మాన్పించారట. పాలు, పెరుగు వద్దన్నారట. పంచదార, బెల్లం డబ్బాలు అటక మీదకి ఎక్కించేశారట. పొద్దున్నే బొప్పాయి ఆకు పసరు, మధ్యాహ్నం క్యారెట్ రసం, రాత్రికి ఓ గ్లాసు కొర్రల జావ. చేప లేదు, గుడ్డు లేదు.

మిమ్మల్ని తప్పు పట్టడానికి పిలవలేదండి. ఆ ఆకుల కోసం మీరు తెల్లారకుండానే కాలవగట్టు మీద ఎంత దూరం నడిచి వెళ్తున్నారో చూస్తూనే ఉన్నాను. కానీ ఆస్పత్రిలో డైటీషియన్‌గా ఇలాంటి రోగుల తిండి చూసిన దాన్ని. తెలిసీ ఊరుకోలేను. కీమోలో ఉన్న మనిషికి తిండి తగ్గించడం వైద్యం కాదండి, ప్రమాదం.

మీరు చూసి ఈ పథ్యం మొదలుపెట్టిన వీడియో మీ అమ్మాయి నాకూ చూపించింది. క్యాన్సర్ కణం చక్కెర తిని బతుకుతుంది, చక్కెర ఆపేస్తే మాడి చస్తుంది అంటాడు వీడియోలో ఒకాయన. ఆ మాటలో కాస్త నిజం ఉంది, అందుకే అంతమంది నమ్ముతున్నారు. ఓటో వార్‌బర్గ్ అని జర్మనీ శాస్త్రవేత్త 1920లలోనే చూశాడు, గడ్డలోని కణాలు మామూలు కణాలకంటే ఎక్కువ గ్లూకోజు లాగేసుకుంటాయని. మీ చెల్లెలికి పెట్ స్కాన్ తీశారు కదా, అది పనిచేసేదీ ఆ లక్షణం మీదే. గ్లూకోజులాంటి మందుకి కొద్దిపాటి రేడియేషన్ అంటించి నరంలోకి ఎక్కిస్తారు, అది ఎక్కడ ఎక్కువ పోగైతే అక్కడ మెరుస్తుంది. ఇంతవరకూ సరే. కానీ మనం తినడం మానేస్తే రక్తంలో చక్కెర ఆగిపోదండి. మెదడుకీ ఎర్ర రక్తకణాలకీ కావాలి గనక లివరు తయారుచేసి ఇస్తూనే ఉంటుంది. దేన్నుంచి చేస్తుందనుకున్నారు? కండ కరిగించి. గడ్డకి పస్తు పడదు, మీ చెల్లెలికి పడుతుంది.

బరువు తగ్గితే ఏమవుతుందో చెప్తా. కీమో మోతాదు మనిషి ఎత్తునీ బరువునీ చూసి లెక్కకడతారు. కండ కరిగిపోయిన ఒంటికి ఆ మందు భరించడం కష్టం. నోరు పుండ్లు పడుతుంది, తెల్లకణాలు పడిపోతాయి, జ్వరం వస్తుంది, తర్వాతి కీమో వారమో పది రోజులో వెనక్కి జరుగుతుంది. వేళకి పడాల్సిన మందు వేళకి పడకపోతే నష్టం ఎవరికి? అందుకే ఆస్పత్రిలో మేం మొదట చూసేది రోగి బరువే. రోజుకి కిలో బరువుకి గ్రాము కంటే ఎక్కువే, కుదిరితే గ్రామున్నర దాకా ప్రొటీన్ అందాలి. మీ చెల్లెలు యాభై కిలోలుందనుకుంటే అరవై, డెబ్బై గ్రాములు. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసుడు పాలల్లో అంతే, గుప్పెడు కందిపప్పులో అంతే. కొర్రల జావా క్యారెట్ రసంతో అక్కడిదాకా ఎలా వెళ్తామండీ? కొర్రలు మంచివే, నేనూ వండుతాను. కానీ పల్చటి జావ చేసి, అదొక్కటే పెడితే కడుపు నీళ్ళతో నిండుతుంది.

పసరు సంగతంటారా? డెంగ్యూ వచ్చినప్పుడు ప్లేట్‌లెట్లు పెరుగుతాయని మొదలై ఇప్పుడు కీమో వాళ్ళకీ పట్టిస్తున్నారు. క్యాన్సర్ తగ్గిస్తుందనడానికి మనుషుల్లో రుజువు లేదు. పైగా ఆ చేదు తాగితే అసలే వికారంగా ఉన్న మనిషి ఇంకేం తింటుంది? కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం తెగ తాగారు గుర్తుందా, అప్పుడు ముంబైలో కొందరికి లివరు దెబ్బతిన్నట్టు డాక్టర్లు రాశారు. కీమో మందుల్లో చాలావాటిని ఒంట్లోంచి పంపాల్సింది ఆ లివరే. ఆకే కదా, ఏం చేస్తుందిలే అనుకోవడానికి లేదు.

ఒంటికి మంచిదల్లా క్యాన్సర్‌కి మందైపోదన్న విషయం అసలు మన భీమవరం వాళ్ళకి అందరికంటే బాగా తెలియాలండి. యల్లాప్రగడ సుబ్బారావుగారు పుట్టింది ఈ ఊళ్ళోనే, 1895లో. స్ప్రూ అని, తిన్నది ఒంటబట్టక మనిషి కృశించిపోయే జబ్బు, ఆయన అన్నదమ్ముల్ని ఇద్దర్ని తీసుకుపోయింది. ఆయనకీ వచ్చి తగ్గింది. తర్వాత అమెరికా వెళ్ళి లెడర్లీ కంపెనీ పరిశోధనశాల నడిపారు. ఆకుకూరల్లోనూ లివర్లోనూ ఉండే ఫోలిక్ యాసిడ్‌ని 1945 నాటికి అక్కడ తయారుచేశారు. ఒక రకం రక్తహీనతకి గొప్ప మందు, ఈరోజుకీ కడుపుతో ఉన్న ప్రతి ఆడపిల్లకీ ఆ బిళ్ళే ఇస్తున్నారు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకి ఈ ఫోలిక్ యాసిడ్ రకాలు ఇచ్చి చూశాడు. విటమినే కదా, మేలు చేస్తుందని. జబ్బు తగ్గకపోగా ఇంకా వేగంగా పెరిగింది. క్యాన్సర్ కణం గబగబా రెండుగా చీలాలంటే దానికీ ఆ విటమిన్ కావాలి మరి. అయితే దాన్ని అడ్డుకునే మందు ఇస్తే? సుబ్బారావుగారి బృందం అచ్చం ఫోలిక్ యాసిడ్‌లా ఉండి దాని పని చేయనివ్వని అమినాప్టెరిన్ తయారుచేసి పంపింది. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది, కొన్నాళ్ళకే అయినా. 1948లో ఆ సంగతి అచ్చయింది. అప్పటిదాకా ఆ జబ్బుకి మందన్నదే లేదు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు, 53 ఏళ్ళకే. ఆ మందుకి చెల్లెలు లాంటిది మెథోట్రెక్సేట్, ఇప్పటికీ వాడుతున్నారు. రొమ్ము క్యాన్సర్‌కీ ఏళ్ళ తరబడి వాడారు.

అలాగని తోటకూర, పాలకూర మానేయకండి, అమ్మా తల్లీ, ఆ అర్థం తీసుకోకండి. కూరలో వచ్చేది కొంచెం, ఒంటికి కావాల్సిందే. నేను చెప్పేది బిళ్ళల సంగతి. బలానికని ఎవరో పంపిన విటమిన్ సీసాలు ఆమె మంచం పక్కన వరసగా ఉన్నాయట. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ళకి క్యారెట్లో ఉండే బీటా కెరోటిన్‌ని బిళ్ళలుగా చేసి ఏళ్ళ తరబడి ఇచ్చారు, ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని. 1994లో లెక్క తీస్తే ఆ బిళ్ళ మింగినవాళ్ళలో క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. క్యారెట్ కూర తిన్నవాళ్ళకి రాలేదండి ఆ నష్టం, బిళ్ళ మింగినవాళ్ళకి వచ్చింది. అందుకే ఆ సీసాలన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు బల్ల మీద పెట్టండి. ఏది ఉంచాలో ఏది తీయాలో ఆయన్ని చెప్పనివ్వండి.

మరి తిండికీ క్యాన్సర్‌కీ సంబంధమే లేదా అంటే, బోలెడు ఉంది. జబ్బు రాకముందు, ఏళ్ళకేళ్ళు మనం తినే తిండికి ఉంది. ఒళ్ళు పెరగడం చూడండి. అధిక బరువుతో 13 రకాల క్యాన్సర్లకి ముడి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లో తేల్చింది. ముట్లుడిగాక వచ్చే రొమ్ము క్యాన్సర్ కూడా అందులో ఉంది. ఆ వయసులో అండాశయాలు ఈస్ట్రోజెన్ ఆపేస్తాయి, కొవ్వు మాత్రం తయారుచేస్తూనే ఉంటుంది. అందుకని పంచదార తగ్గించాల్సింది మనం, కీమోలో ఉన్న ఆమె కాదు. తాగుడు ఉంది, సారా అయినా ఫారిన్ సీసా అయినా ఒకటే, నోటి నుంచి పెద్దపేగు దాకా, రొమ్ముకీ కూడా హాని. సాసేజీలు, బేకన్ లాంటి నిలవ మాంసం సంగతి అదే విభాగం 2015లో తేల్చింది. రోజుకి 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ వచ్చే అవకాశం 18 శాతం పెరుగుతుంది. మన ఇళ్ళలో అది తక్కువే గాని, హైదరాబాద్‌లో హాస్టల్ పిల్లలు పిజ్జాల మీద తినేది అదే.

మనకి దగ్గరగా ఉన్నదొకటి చెప్తా, ఎవరూ దీని మాట ఎత్తరు. వేరుశనగ గుళ్ళు. తడి తగిలి బూజు పట్టిన గింజల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, లివరు క్యాన్సర్‌కి అదొక కారణం. వేయించినా పోదు, ఉడికించినా పూర్తిగా పోదు. హెపటైటిస్ బి కూడా ఉన్న మనిషికి ఇంకా ప్రమాదం. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో దీనిమీద ఎంతో పని చేశారు, గింజల్లో ఆ విషాన్ని పట్టే పరీక్షలు తయారుచేశారు. కాబట్టి చట్నీకి గుళ్ళు తీసుకునేటప్పుడు ముడతలు పడ్డవీ, నల్లబడ్డవీ, పచ్చగా బూజు ఉన్నవీ ఏరి పారేయండి, చేదు తగిలితే ఉమ్మేయండి. గానుగ నూనె ఆడించేవాళ్ళు మరీ చూసుకోవాలి. రిఫైన్ చేస్తే పోయే విషం గానుగ నూనెలో మిగిలిపోవచ్చు.

ఇంకోటి మీ కొంగుముడిలోనే ఉంది వదినగారూ. వక్కపొడి. పొగాకు కలిస్తేనే చెడ్డదని మనవాళ్ళ నమ్మకం. ఒట్టి వక్క కూడా నోటి క్యాన్సర్ తెచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగమే 2004లోనే చెప్పింది. శ్రీకాకుళం వైపు కొందరు ఆడవాళ్ళు చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగుతారు, దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తోందని విశాఖ డాక్టర్లు దశాబ్దాల కిందటే రాశారు. ఏ ఆకు తింటే క్యాన్సర్ రాదా అని వెతికేముందు నోట్లోంచి వీటిని తీసేస్తే వచ్చే మేలు ఎక్కువ. పసుపు, వెల్లుల్లి మంచివే, వండండి. పసుపులో మందు గుణం ఉన్న కర్క్యుమిన్ నూటికి రెండు నుంచి అయిదు పాళ్ళు మాత్రమే ఉంటుంది, అందులో రక్తంలోకి చేరేది మరీ కొంచెం. కూరలో వేసుకోండి. దాన్ని నమ్ముకుని కీమో మానేయమంటే మాత్రం వినకండి.

ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు లెక్క తీశారండి. నయం చేయగలిగే దశలో ఉండి కూడా వైద్యం వద్దని, ఆకులూ పథ్యాలూ లాంటివాటినే నమ్ముకున్నవాళ్ళు చనిపోయే ప్రమాదం రెండున్నర రెట్లు ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ వాళ్ళని విడిగా చూస్తే అయిదు రెట్లు పైనే. మీ చెల్లెలు కీమో మానలేదు, అదృష్టం. కానీ తిండి లేక కీమో ఆగిపోయినా చివరికి అక్కడికే వస్తాం కదా.

రేపటి నుంచి ఏం చేద్దామో చెప్తా వినండి. పొద్దున్నే రెండు ఇడ్లీ, బాగా ఉడికిన గుడ్డు. పదింటికి పాలల్లో రాగిజావ, బెల్లం వేసి, ఫరవాలేదు. మధ్యాహ్నం మెత్తగా అన్నం, ముద్దపప్పు, నెయ్యి. మన ఊళ్ళో చేపలకి కరువా, శీలావతి రెండు ముక్కలు కారం తగ్గించి పులుసు పెట్టండి. నోరు పుండు పడితే కారం, చింతపండు ఆపి పెరుగన్నం, సగ్గుబియ్యం. నాలిక మీద ఇనుము రుచిగా ఉందంటుంది, అందరూ అంటారు, నిమ్మకాయ పిండితే కాస్త తగ్గుతుంది, పుండ్లు లేనప్పుడే సుమా. ఒక్కసారే కంచం నిండా పెట్టకండి, రెండు గంటలకోసారి కొంచెం కొంచెం. పాలు కాచినవే, పెరుగు ఇంట్లో తోడుపెట్టిందే. తెల్లకణాలు తక్కువని చెప్పిన రోజుల్లో బయట కోసిన పళ్ళూ బండి మీద చట్నీలూ వద్దు, ఇంట్లో కడిగి తొక్క తీసిన అరటి, బత్తాయి చాలు. వారానికోసారి బరువు చూసి కాయితం మీద రాయండి, కీమోకి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళండి. ఆమెకి షుగరు జబ్బు గానీ ఉంటే బెల్లం సంగతి ముందు డాక్టర్ని అడగాలి, ఉందా? లేదు కదా, సరే.

వెళ్ళిపోకండి, ఇంకొక్క మాట. సొంత చెల్లెలికి వచ్చింది కదా, మీకు వచ్చే అవకాశం మామూలు ఆడవాళ్ళకంటే దాదాపు రెట్టింపు. భయపడకండి, ఎక్కువమందికి రాదు. కానీ మామోగ్రామ్ చేయించుకోవాలి, మీరు ఏం తిన్నా ఏం మానేసినా. ఆమెకి జన్యు పరీక్ష అవసరమా అని కూడా అదే డాక్టర్ని అడగండి, మీ అమ్మాయి కోసం. సోమవారం నాకు ఎటూ బజారు పని ఉంది, ఆస్పత్రి దారే. ఇద్దరం కలిసి వెళ్దాం, ఆటోకి నేను చెప్తాను.