దోస్తు తోపుకు వెల ఎంత?

ఈమధ్య మా ఆదోనిలో ఎవరి నోట విన్నా ఎస్-400, రఫేల్, బ్రహ్మోస్. టీ హోటల్లో, పత్తి మార్కెట్ యార్డులో, నమాజు అయినాక మస్జిద్ మెట్ల మీద కూడా అదే బహస్. హైదరాబాదులో ఇంజనీరింగు చదివే మా చెల్లెలి కొడుకు ఫోన్లో అడిగినాడు: "మామూ, దోస్తు దేశం మంచి ఆయుధం ఇస్తానంటే ఇంక ఆలోచన ఎందుకు? కొనేస్తే పోలా?"

"జవాబు కోసం మాస్కో, పారిస్ పోనక్కర్లేదు బేటా, మన గుట్ట ఎక్కితే చాలు" అన్నా. వానికి చెప్పిందే మీకూ చెప్తా.

1750ల్లో ఆదోని నిజాం అలీ ఖాన్ సోదరుడు బసాలత్ జంగ్‌కు జాగీరుగా వచ్చింది. ఆ జమానాలో ఫ్రెంచి వాళ్ల డ్రిల్లు, తోపులు దక్కన్‌కంతా కొత్త హునర్. బసాలత్ జంగ్ ఫ్రెంచి ఫౌజును కొలువులో పెట్టుకున్నాడు. హునర్ నేర్చుకోలేదు, కిరాయికి తెచ్చుకున్నాడు. 1779లో ఇంగ్లీషు వాళ్లు కొత్త దోస్తీ తెచ్చినారు. షర్తు ఏమంటే, ఫ్రెంచి వాళ్లను పంపించెయ్యాల, గుంటూరు మాకు గుత్తకియ్యాల, మీ హిఫాజత్ మేం చూస్తాం అని. ఆయన ఒప్పుకున్నాడు. ఆదోనికి బయల్దేరిన ఇంగ్లీషు పటాలాన్ని హైదర్ అలీ తన ఇలాకా గుండా పోనియ్యలేదు. దోస్తు ఫౌజు దారిలోనే నిలిచిపోయింది.

1782లో బసాలత్ జంగ్ ఇంతెఖాల్ అయినాడు. 1786లో టిప్పూ సుల్తాన్ ఖిలాను ముట్టడించి పట్టుకుని, బురుజులు పడగొట్టించి, తోపులూ సామానూ గుత్తికి తరలించినాడు. మన ఇండ్లల్లో టిప్పూ పేరు ప్యార్‌గా తలుచుకుంటాం. మన ఊరి గోడలు కూల్చింది కూడా ఆయన ఫౌజే. రెండూ నిజమే, ఒకటి చెప్పి ఇంకొకటి దాచడం ఇన్సాఫ్ కాదు.

హైదరాబాదులోనూ అదే కథ పెద్దగా నడిచింది. 1795లో ఖర్డా జంగ్‌లో మరాఠాలు నిజాం మీదికి వస్తే, ఇంగ్లీషు దోస్తులు మాకు సంబంధం లేదని పక్కకు నిలబడినారు. అంతవరకు ఫ్రెంచి రేమండ్ తయారు చేసిన పటాలాలుండేవి. 1798 ఒప్పందంతో వాటి చేతుల్లోని తుపాకులు ఊడబెరికి, ఇంగ్లీషు పటాలాలను పెట్టినారు. వాటి ఖర్చుకు 1800లో నిజాం జమీనే రాసిచ్చినాడు. తుంగభద్రను సరిహద్దు చెయ్యాలని ఆ లెక్కల్లోనే ఆదోని తాలూకా కూడా పోయింది. ఎమ్మిగనూరు దాంట్లోదే. మన తాతల తాతలు చేలో ఉండగానే మాలిక్ మారిపోయినాడు. దత్త మండలాలంటే అసలు మానే ఇది: దోస్తు ఆయుధానికి కట్టిన బిల్లు.

టిప్పూ దారి కొంచెం వేరు. 1787లో ఫ్రాన్సు రాజు దగ్గరికి ఎల్చీలను పంపినప్పుడు ఫౌజుతో పాటు కారీగర్లను కూడా అడిగినాడు. మైసూరు వాళ్ల ఇనుప గొట్టాల రాకెట్లు సొంత హునరే. శ్రీరంగపట్నం పడిపోయినాక ఇంగ్లీషు వాళ్లు వాటిని ఊల్విచ్‌కు పట్టుకుపోయి పరీక్షించినారు. ఆ మీదట కాంగ్రీవ్ తన రాకెట్లు తయారు చేసినాడు. గెలిచినవాడు కూడా ఓడినవాని దగ్గర ఇల్మ్ నేర్చుకోవడానికి సిగ్గుపడలేదు.

ఇప్పటి సంగతి చూడండి. 2007లో మన వాయుసేన 126 యుద్ధ విమానాల కోసం బేరం మొదలుపెట్టింది. ఆరు రకాలు పోటీకి వచ్చినాయి. బెంగళూరులో, జైసల్మేర్ ఎండలో, లేహ్ చలిలో ఎగరేసి చూసినారు. మెరుగైనవి దొరికినాయి. కానీ ఇక్కడ తయారైన విమానానికి పూచీ ఎవరిదన్న దగ్గర బేరం తెగలేదు. చివరికి 2016లో 36 రఫేల్‌లకు సంతకం అయింది. ఎస్-400లు ఐదింటికి 2018లో ఒప్పందం చేసుకుంటే, ఉక్రెయిన్ జంగ్ వచ్చి రావాల్సినవి ఆలస్యమైనాయి. దోస్తు ఇంట్లో మంటలుంటే మన సరుకు ఆగుతుంది. బ్రహ్మోస్ ఇంకో రకం. 1998లో రష్యాతో సాఝాగా మొదలుపెట్టినారు, పేరులోనే బ్రహ్మపుత్రా మాస్క్వా నదులున్నాయి.

ఎమ్మిగనూరులో ఏ జులాహాను అడిగినా ఇది అర్థమైపోతుంది. 1938లో మాచాని సోమప్ప సొసైటీ పెట్టినప్పటి నుంచి ఆ ఊరి బతుకే మగ్గం. కొత్త మగ్గం ఎంత బాగా నేస్తుందని ఒక్కసారే అడుగుతారు. విరిగితే మరమ్మతు ఎవరు చేస్తారు, సామాను ఎక్కడ దొరుకుతుంది, పనితనం మన పిల్లలకు నేర్పుతారా అని పదిసార్లు అడుగుతారు. ఆయుధానికైనా ఇవే సవాళ్లు. ఇంకొకటి ఉంది: రేపు దోస్తీ చెడితే ఇది మన చేతిలో పనిచేస్తుందా?

మన కర్నూలు జిల్లాలోనే, ఓర్వకల్లు పక్కన పాలకొలను దగ్గర డీఆర్డీవో పరీక్షా మైదానం ఉంది. 2025 ఏప్రిల్‌లో అక్కడ లేజర్ కిరణంతో డ్రోన్‌ను కూల్చినారు. ఆదోని నుంచి బస్సెక్కితే పూట ప్రయాణం. ఆయుధం అంటే నాకు ముచ్చట లేదు, అది వాడే రోజు రాకుండా ఉండాలనే నా దువా. కానీ దాన్ని తూచే ఇల్మ్ మాత్రం మన పిల్లల దగ్గర ఉండాల. ఇంట్లో ఇంజనీరింగు చదివే బచ్చాలుంటే ఒకసారి వాళ్లను ఆదోని గుట్ట ఎక్కించండి. ఆ బురుజులు ఎవరు కట్టినారని తర్వాత చెప్పొచ్చు, ఎట్లా పోయినాయో ముందు చెప్పండి.