సూది దిగిందని సంబరపడ్డాను

కూలెంట్ డబ్బా నిండుగా ఉంటే రేడియేటర్ కూడా నిండుగా ఉన్నట్టే అనుకున్నాను. ఆ నమ్మకంతోనే థర్మోస్టాట్ వాల్వ్ మార్పించాను, వాటర్ పంపు మార్పించాను, చివరికి హెడ్డు దింపించుకున్నాను. అసలు రోగం రేడియేటర్ మూతలో ఉంది. రెండు మూడు వందల రూపాయలు పెడితే వచ్చే సామాను అది.

నాది పాత డీజిల్ కారు. కరీంనగర్‌లో కమాన్ దగ్గర ట్రాఫిక్‌లో ఎంతసేపు ఇరుక్కున్నా ఏమయ్యేది కాదు. నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని జగిత్యాల రోడ్డు పడితే మాత్రం వేడి చూపించే మీటరు సూది పైకి లేచేది. రోగం ఎక్కడుందో సగం ఇక్కడే తెలిసిపోవాలి. నిలబడ్డప్పుడు వేడెక్కితే ముందు ఫ్యాన్‌ను, దాని ఫ్యూజును, రిలేను అనుమానించాలి. స్టార్ట్ చేసిన కాసేపటికే వేడెక్కి, పై పైపు కాలిపోతూ కింది పైపు చల్లగా ఉంటే వాల్వ్ తెరుచుకోవడం లేదని అర్థం. లాగేటప్పుడే వేడెక్కితే రేడియేటర్ పూడిందా, పంపు తోడుతోందా, మూత ఒత్తిడిని ఆపుతోందా అని చూడాలి. ఇవన్నీ నాకు ఇప్పుడు తెలిసినవి. అప్పుడైతే షెడ్డుకు పోయి "హీటెక్కుతోంది, చూడండి" అన్నానంతే. ఎప్పుడు వేడెక్కుతోందో మేస్త్రీ అడగలేదు, నేనూ చెప్పలేదు.

"వాల్వ్ తీసేస్తే లొల్లే ఉండది సార్" అన్నాడు. మన దిక్కు షెడ్లలో వినిపించే పాత మందు ఇది. వాల్వ్ దాదాపు 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలవుతుంది. అది లేకపోతే ఇంజిన్ తనకు కావలసిన వేడికి ఆలస్యంగా చేరుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజిన్లలోనైతే నీళ్లు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిన తిరిగి వేడి ఇంకా పెరుగుతుంది. ఇదంతా అప్పుడు నాకు తెలియదు గానీ, తీసేయకుండా కొత్తది వేయమన్నాను. వేడి తగ్గలేదు. తర్వాత పంపు వంతు వచ్చింది. పాత పంపు బాగానే ఉందని విప్పాక తెలిసింది.

ఇక మూత సంగతి. దాన్ని అందరూ మూతే అనుకుంటారు, నిజానికి అది రెండు కవాటాల యంత్రం. దాని మీద 0.9 అనో 1.1 అనో అచ్చు ఉంటుంది, లోపల ఎంత ఒత్తిడిని ఆపాలో చెప్పే అంకె అది. మామూలుగా నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. ఆ ఒత్తిడిలో 120 దరిదాపుల దాకా మరగవు. ఒత్తిడి మీరితే పెద్ద కవాటం తెరుచుకుని కొంత కూలెంట్‌ను డబ్బాలోకి వదులుతుంది. ఇంజిన్ చల్లారాక చిన్న కవాటం దాన్ని వెనక్కి పీల్చుకోవాలి. నా బండిలో మూత రబ్బరు గట్టిపడి చీలింది, చిన్న కవాటం తుప్పుతో అంటుకుపోయింది. వేడికి బయటికి పోయిన కూలెంట్ తిరిగి లోపలికి రాలేదు. అందుకే డబ్బా ఎప్పుడూ నిండుగా, రేడియేటర్ ఎప్పుడూ వెలితిగా ఉండేది.

పైగా నేను చేసిన ఇంకో ఘనకార్యం, మధ్యమధ్య బోరు నీళ్లు పోయడం. రామగుండం ఎన్టీపీసీలో పనిచేసే మా బామ్మర్ది విని నవ్వాడు. "బాయిలర్ల మేం గోదారి నీళ్లు గూడ ఉన్నయి ఉన్నట్టు పొయ్యం బావా, ఉప్పులన్ని తీసేసిన డీఎం నీళ్లే పోస్తం. నువ్వు బోరు నీళ్లు పోసి తోలుతున్నవా?" అన్నాడు. రేడియేటర్ విప్పి చూస్తే సన్నని గొట్టాల మూతుల దగ్గర తెల్లని సున్నం పేరుకుని ఉంది. వేలితో గీకితే గరుకుగా రాలింది.

అసలు దెబ్బ తగిలింది మే నెలలో, ఉట్నూరులో పెళ్లికి పోతున్నప్పుడు. ధర్మపురి, రాయపట్నం వంతెన, లక్షెట్టిపేట దాటేదాకా సూది మధ్యలోనే ఉంది. జన్నారం దాటి కవ్వాల్ అడవిలో ఎక్కుడు మొదలవగానే ఎర్రగీత దాకా పోయింది. ఏసీ ఆపాను. ఇంతలో సూది దానంతట అదే కిందికి దిగింది. "చూసినవా, సల్లబడ్డది" అన్నాను మా ఆవిడతో, గెలిచినవాడిలా. ఇంకాస్త దూరం తోలాను.

సూదికి వేడి సంగతి చెప్పే సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉండాలి. కూలెంట్ పోయి చుట్టూ గాలి, ఆవిరి మిగిలితే అది సరిగా చెప్పలేదు. సూది దిగిందంటే ఇంజిన్ చల్లబడిందని కాదు, చెప్పడానికి నీళ్లు మిగల్లేదని. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచాక బండి ఆపి, సీసాలోని చల్లని నీళ్లు పట్టుకుని దిగాను. వెనక వచ్చిన జీపు డ్రైవర్ చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆగన్నా, గిప్పుడు మూత ఇప్పితే మొఖం కాలుతది, నీళ్లు పోస్తే హెడ్డు పగుల్తది." అతను చెప్పినట్టే చెట్టు కింద చాలాసేపు కూర్చున్నాం. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. ఆయిల్ మూత విప్పితే లోపల పాలు ఎక్కువైన చాయ్ రంగు కనిపించింది. హెడ్ గ్యాస్కెట్ పోయి ఆయిల్‌లో నీళ్లు కలిశాయి.

బండిని కరీంనగర్‌కు లాక్కొచ్చాం. అల్యూమినియం హెడ్డు వంగింది, లేత్ షాపులో ఫేసింగ్ చేయించాల్సి వచ్చింది. ఈసారి దొరికిన మేస్త్రీ వయసు మళ్లిన మనిషి. హెడ్డు బిగించాక చేతి పంపుకు నా పాత మూత తగిలించి గాలి కొట్టాడు. పంపు మీది ముల్లు లేచినట్టే లేచి పడిపోయింది. కొత్త మూత పెడితే కదలకుండా నిలబడింది. ఆ పరీక్షకు పట్టింది కాసేపే. మొదటి షెడ్డులోనే ఇది చేసి ఉంటే పంపు, వాల్వ్, గ్యాస్కెట్, లేత్ ఖర్చు ఏదీ ఉండేది కాదు. షెడ్డు ఆయన్ను తప్పుపట్టే ముఖం నాకు లేదు. సామాను మార్చమని తొందరపెట్టింది నేనే.

ఎండాకాలం ఆదిలాబాద్ దిక్కు పోయేవాళ్లు పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత విప్పి రేడియేటర్‌లోకే తొంగి చూడండి, డబ్బాను చూసి సరిపెట్టుకోవద్దు. దారిలో సూది లేస్తే ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ పూర్తిగా తిప్పండి. మే నెలలో అది నరకమే గానీ, ఇంజిన్ వేడి కొంత ఆ దారిన బయటికి పోతుంది. అయినా తగ్గకపోతే నీడ చూసుకుని ఆపేయండి. ఎర్రగీత దాకా పోయిన సూది ఉన్నట్టుండి కిందికి దిగితే మాత్రం నీడ కోసం కూడా వెతక్కండి, అక్కడే ఇంజిన్ బంద్ చేయండి.